నిశిత పఠనం (మాధ్యమిక తరగతులు)

నిశిత పఠనం అనగా ఒక సాహిత్య పాఠ్యాన్ని నెమ్మదిగా, ఒకటికి రెండుమూడు సార్లు చదివి, అందులోని పదాలు, వాక్య నిర్మాణం, క్రమం ఆధారంగానే దాని అర్థాన్ని నిర్ణయించుకొనే పద్ధతి. ఆంగ్ల సాహిత్య విమర్శలో దీనిని క్లోజ్ రీడింగ్ అంటారు. సంస్కృతాంధ్ర సాహిత్యాలలో పదవిభజన, ప్రతిపదార్థం, అన్వయం, తాత్పర్యం అనే అంగాలతో ఇటువంటి పఠనమే చాలాకాలంగా వాడుకలో ఉన్నది. 6వ తరగతి నుండి 8వ తరగతి వరకు, అంటే సుమారు 11 నుండి 14 సంవత్సరాల వయస్సులో, విద్యార్థులు మొదటిసారిగా తమ వాడుక భాషకు దూరమైన పద్యాలను, ప్రౌఢ గద్యాన్ని ఎదుర్కొంటారు. ఆ పాఠ్యాలను సొంతంగా చదువగలిగేటట్లు వారికి తోడ్పడే విధానాలు ఈ వ్యాసంలో ప్రధానంగా తెలుగు పద్యాన్ని ఆధారంగా చేసుకొని వివరించబడినవి.

నేపథ్యం

భారతీయ వ్యాఖ్యాన సంప్రదాయం

సంస్కృత సంప్రదాయంలో వ్యాఖ్యానానికి ఐదు లక్షణాలు చెప్పబడినవి. అవి పదచ్ఛేదం (కలిసిపోయిన పదాలను విడదీయడం), పదార్థోక్తి (ఒక్కొక్క పదానికి అర్థం చెప్పడం), విగ్రహం (సమాసాలను విడదీసి చూపడం), వాక్యయోజన (పదాలను వాక్యక్రమంలో కూర్చడం), ఆక్షేప సమాధానం (వచ్చిన సందేహాలకు జవాబు చెప్పడం). వీటిలో చివరిది గమనింపదగినది. చదివేవాడికి సందేహం కలుగుతుందనీ, దానికి పాఠంలో చోటు ఉండాలనీ ఈ పద్ధతి ముందే అంగీకరించింది.

కాళిదాసు కావ్యాలకు, భారవి కిరాతార్జునీయానికి, మాఘుని శిశుపాలవధకు వ్యాఖ్యలు వ్రాసిన కోలాచల మల్లినాథ సూరి తెలుగు ప్రాంతానికి చెందినవాడు. ఆయన వంశం పేరు నేటి తెలంగాణలోని మెదక్ ప్రాంతపు కొల్చారంతో ముడిపడి ఉన్నది. ఆయన తన వ్యాఖ్యలను అన్వయ క్రమంలోనే నడిపాడు. మూలంలో ఆధారం లేనిదేదీ వ్రాయనని నియమం పెట్టుకున్నాడు. నిశిత పఠనానికి నేటికీ ఇదే మూల నియమం.

అన్వయం చెప్పడంలో రెండు మార్గాలు ప్రసిద్ధమైనవి. దండాన్వయంలో కర్త, దాని విశేషణాలు, కర్మ, క్రియ మొదలైన వాటిని వరుసగా ఒకే వాక్యంగా పేర్చుతారు. ఖండాన్వయంలో ముందుగా ప్రధాన క్రియను పట్టుకొని, ఎవరు, ఎవరిని, దేనితో, ఎక్కడికి, ఎందుకు అని ప్రశ్నిస్తూ తక్కిన పదాలను ఒక్కొక్కటిగా దానికి చేర్చుతారు. మాధ్యమిక తరగతులకు రెండవ మార్గం ఎక్కువ అనుకూలమైనది. ప్రశ్న వేస్తేనే అది ముందుకు సాగుతుంది కనుక విద్యార్థి పాల్గొనక తప్పదు.

పాశ్చాత్య విమర్శ

ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఐ.ఏ.రిచర్డ్స్ తన విద్యార్థులకు కవుల పేర్లు చెప్పకుండా కవితలను ఇచ్చి, వారు వ్రాసిన అభిప్రాయాలను సేకరించి, 1929లో ప్రాక్టికల్ క్రిటిసిజం అనే గ్రంథంగా ప్రచురించాడు. చదువుకున్న యువకులు కూడా అనేకులు కవితలోని సాదా అర్థాన్నే గ్రహించలేకపోయారని అందులో చూపాడు. కవితతో సంబంధం లేని సొంత జ్ఞాపకాలు, ముందే సిద్ధంగా ఉన్న భావాలు చదువుటకు అడ్డుపడతాయని కూడా వివరించాడు. అమెరికాలో క్లీంత్ బ్రూక్స్, రాబర్ట్ పెన్ వారెన్ 1938లో వెలువరించిన అండర్‌స్టాండింగ్ పొయెట్రీ అనే పాఠ్యగ్రంథం ఈ పద్ధతిని తరగతి గదులలో వ్యాపింపజేసింది. 2010లో అక్కడ వెలువడిన కామన్ కోర్ ప్రమాణాలు పాఠ్యంలోని ఆధారాన్ని చూపి జవాబు చెప్పడాన్ని పాఠశాల స్థాయిలో కూడా ముఖ్య లక్ష్యంగా పేర్కొన్నాయి.

మాధ్యమిక దశ ప్రత్యేకత

భారతదేశంలో 2020 జాతీయ విద్యావిధానం 6, 7, 8 తరగతులను మాధ్యమిక దశగా గుర్తించింది. పఠన వికాసాన్ని దశలుగా విభజించిన జీన్ చాల్ 1983లో వెలువరించిన గ్రంథంలో, చిన్న తరగతులలో పిల్లలు చదవడం నేర్చుకుంటారనీ, సుమారు 4వ తరగతి నుండి చదివి నేర్చుకోవడం మొదలవుతుందనీ పేర్కొన్నది. ఈ మార్పు దగ్గర వెనుకబడిన విద్యార్థికి ఆపై తరగతులలో అన్ని పాఠ్యాంశాలూ భారమవుతాయి.

తెలుగులో ఈ వెనుకబాటు సులభంగా బయటపడదు. తెలుగు లిపి చాలావరకు ఉచ్చారణను అనుసరించి ఉండడం వలన, అక్షరాలు వచ్చిన విద్యార్థి తెలియని పద్యాన్ని కూడా తప్పు లేకుండా పైకి చదివి వినిపించగలడు. వినేవారికి అది చక్కని పఠనంగానే తోస్తుంది. 1986లో గఫ్, టన్మర్ అనే పరిశోధకులు ప్రతిపాదించిన సూత్రం ప్రకారం, పఠనావగాహన అనేది లిపిని పదాలుగా మార్చుకొనే శక్తి, భాషను అర్థం చేసుకొనే శక్తి అనే రెండింటి గుణకారం. వీటిలో ఏ ఒక్కటి శూన్యమైనా ఫలితం శూన్యమే. కావున ధారాళంగా చదవడం అర్థమైనదనుటకు నిదర్శనం కాదు.

పాఠ్యం కఠినం కావడానికి కారణాలు

విద్యార్థి "అర్థం కాలేదు" అన్నప్పుడు ఆ మాట వెనుక వేర్వేరు కారణాలు ఉండవచ్చును. ఏ కారణమో గుర్తించనిదే తగిన సహాయం చేయుట సాధ్యం కాదు.

• సంధులు: పదాలు కలిసిపోవడం వలన తెలిసిన పదమే తెలియనిదిగా కనిపిస్తుంది. ద్రుతం తరువాత పరుషాలు సరళాలుగా మారినప్పుడు పదం మొదటి అక్షరమే మారిపోతుంది.
• పదక్రమం: వాడుక తెలుగులో క్రియ సాధారణంగా వాక్యం చివర వస్తుంది. పద్యంలో అది ఎక్కడైనా రావచ్చును.
• పాత పదాలు: నేటి వాడుకలో లేని పదాలు, అరసున్న, బండిర వంటి వ్రాత విశేషాలు.
• అర్థం మారిన పదాలు: ఒకప్పుడు కంపు అనే మాటకు సువాసన అనే అర్థం కూడా ఉండేది, నేడు దుర్వాసన అనే అర్థమే మిగిలింది. ముష్టి అంటే మొదట పిడికిలి. నేడు వాడుకలో భిక్షం. ఇటువంటి పదాల వద్ద విద్యార్థి ఆగడు. తనకు తెలుసుననే ధైర్యంతో తప్పు అర్థం చేసుకుంటాడు. అందువలన తెలియని పదం కంటె ఇవి ఎక్కువ చిక్కును కలిగిస్తాయి.
• నేపథ్యం: పురాణ కథలు, పాత వృత్తులు, ఆచారాలు తెలియకపోవడం.
• సూచన: కవి చెప్పకుండా విడిచిన దానిని ఊహించవలసి రావడం.

ఒక ఉదాహరణ

ఈ క్రింది వాక్యం పద్య భాషను పోలి ఉండేటట్లు ఉదాహరణకై కూర్చబడినది. ఇది ఏ కావ్యంలోనిదీ కాదు.

వెడలెఁ దల్లి విడిచి విల్లుగొని బాలుఁ డడవికిన్.

ఇందులో విద్యార్థికి పూర్తిగా తెలియని పదం దాదాపు లేదు. అయినను "తల్లి విల్లు కొనుక్కొని, బాలుణ్ణి విడిచి అడవికి వెళ్ళింది" అని అర్థం చెప్పే అవకాశం ఉన్నది. ప్రతి పదమూ అందులో ఉన్నది గాని అర్థం తలక్రిందులైనది. ఉపాధ్యాయుడు "తప్పు" అని సరైన భావం చెప్పివేస్తే, తన పఠనం ఎక్కడ దారి తప్పినదో విద్యార్థికి తెలియదు. దానికి బదులు ఈ క్రింది క్రమం అనుసరించవచ్చును.

మొదట పదవిభజన: వెడలెన్, తల్లిన్, విడిచి, విల్లు, కొని, బాలుఁడు, అడవికిన్. తరువాత ప్రధాన క్రియ ఏదని అడగాలి: వెడలెన్. ఎవరు వెడలెను? తల్లి అనీ, బాలుఁడు అనీ రెండు జవాబులు వస్తాయి. వెడలెన్ అనే క్రియారూపం ఇద్దరికీ చెల్లుతుంది కనుక క్రియ ఒక్కటే ఈ తగవును తీర్చలేదు. అప్పుడు ఇతర ఆధారాలు వెదకాలి. బాలుఁడు అనే పదానికి ప్రథమా విభక్తి ప్రత్యయమైన డు ఉన్నది; కావున అతడు కర్త. విడిచి అనే మాటకు ఎవరిని అనే ప్రశ్న పుడుతుంది. దానికి జవాబు తల్లిన్, అంటే తల్లిని. సంధిలో ఆ నకారం లోపించడం వలన తల్లి కర్తవలె కనిపించినది.

ఇక కొని అనే మాట. నేటి విద్యార్థికి అది డబ్బిచ్చి కొనడం. పద్యంలో దానికి గ్రహించి, తీసుకొని అని అర్థం. ఈ పాత అర్థం పట్టుకొని, తీసుకొని వంటి నిత్య వ్యవహారంలోని మాటలలో ఇంకా ఉన్నదని విద్యార్థుల చేతనే చెప్పించవచ్చును. ఇంతవరకు వచ్చిన తరువాత అన్వయం వారే చెప్పగలుగుతారు: బాలుఁడు తల్లిని విడిచి, విల్లు కొని, అడవికి వెడలెను.

పాఠం ఇక్కడితో ముగియరాదు. అర్థం తెలిసిన పిదప మూల వాక్యాన్ని మరల చదివించి, క్రియ మొదట ఎందుకు వచ్చినదని అడగాలి. వెళ్ళిపోవడం ముందు వినిపించి, వెళ్ళినవాడు ఎవరో చాలాసేపటికి గాని తెలియకపోవడం వలన వినేవారికి ఏమి కలుగుతున్నదో విద్యార్థులు చెప్పాలి. ఇద్దరు విద్యార్థులు రెండు విధాలుగా చెప్పినా, ఇద్దరూ వాక్యంలోని మాటలను చూపగలిగితే రెండూ స్వీకరింపదగినవే.

బోధనా క్రమం

తరగతిలో ఒక పీరియడులో ఒక పద్యానికి మించి తీసుకొనకుండా ఈ క్రమాన్ని పాటించవచ్చును.

1. నేపథ్యం చెప్పడం. కథా సందర్భాన్ని రెండు మూడు వాక్యాలలో చెప్పాలి. పద్యం భావం మాత్రం చెప్పరాదు.
2. వినిపించడం. ఉపాధ్యాయుడు పద్యాన్ని మొదట రాగంతోనో, ఛందస్సు తెలిసేటట్లో చదివి, రెండవసారి అర్థం తెలిసేచోట విరుస్తూ చదవాలి. యతి స్థానంలో విరిచి చదవడం వేరు, పదం ముగిసినచోట విరిచి చదవడం వేరు అని విద్యార్థి చెవికి తెలియాలి.
3. గుర్తులు పెట్టడం. విద్యార్థులు ఎవరి ప్రతిలో వారు తెలిసిన పదాలకు, సందేహమున్న పదాలకు పెన్సిలుతో వేర్వేరు గుర్తులు పెట్టాలి.
4. పదవిభజన, ఖండాన్వయం. ప్రశ్నల ద్వారా తరగతి అంతా కలిసి చేయాలి.
5. సొంత మాటలలో భావం వ్రాయడం. ఇది చూచి వ్రాసినది గాని, ఉపాధ్యాయుడు చెప్పగా వ్రాసినది గాని కారాదు.
6. మూలాన్ని మరల చదవడం. భావంలో రానిది, పద్యంలో మాత్రమే ఉన్నది ఏమిటో చెప్పించాలి.

పదాల విషయంలో ఎంపిక అవసరం. ఐసబెల్ బెక్, ఆమె సహ రచయితలు 2002లో వెలువరించిన గ్రంథంలో పదాలను మూడు శ్రేణులుగా విభజించారు: నిత్యవ్యవహారంలోనివి, అనేక రచనలలో తరచుగా వచ్చేవి, ఒక ప్రత్యేక విషయానికి మాత్రమే చెందినవి. వీరి అభిప్రాయంలో తరగతి సమయం ఎక్కువగా రెండవ శ్రేణికి వినియోగించాలి. తెలుగు పద్యానికి ఈ సూత్రాన్ని అన్వయిస్తే, ఒక్కసారి మాత్రమే వచ్చే అరుదైన పదానికి అర్థం నేరుగా చెప్పివేయవచ్చును. తెరువు, కూడు వంటి పదాలు తరచుగా ఎదురవుతాయి కనుక వాటి వద్ద ఆగాలి. తెరువు అంటే దారి అని బతుకుతెరువు అనే మాటనుండి విద్యార్థులే రాబట్టగలరు.

సహాయం, దాని ఉపసంహరణ

1976లో వుడ్, బ్రూనర్, రాస్ అనే పరిశోధకులు, పిల్లలు ఒంటరిగా చేయలేని పనిలో పెద్దలు ఇచ్చే తాత్కాలిక సహాయాన్ని భవన నిర్మాణంలో కట్టే పరంజాతో పోల్చారు. గోడ నిలిచిన తరువాత పరంజా తీసివేయబడుతుంది. 6వ తరగతి ప్రారంభంలో పదవిభజన ఉపాధ్యాయుడే చేసి ఇవ్వవచ్చును. కొన్ని నెలల తరువాత సగం మాత్రమే చేసి ఇవ్వాలి. 8వ తరగతి చివరకు విద్యార్థి నిఘంటువు సహాయంతో ఒక కొత్త పద్యాన్ని తానే విడదీయగలగాలి. సహాయం ఏ దశలోనూ తగ్గకపోతే అది విద్యార్థికి అలవాటుగా మారుతుంది.

1984లో పలింక్సర్, బ్రౌన్ ప్రచురించిన పరిశోధన 7వ తరగతి విద్యార్థులపై జరిగినది. వీరు అక్షరాలు చదువగలిగినా అర్థం గ్రహించుటలో వెనుకబడినవారు. చదివిన భాగాన్ని సంగ్రహించడం, ప్రశ్న వేయడం, సందేహాన్ని తేటపరచడం, తరువాత ఏమి జరుగునో ఊహించడం అనే నాలుగు పనులను విద్యార్థులు వంతులవారీగా ఉపాధ్యాయుని స్థానంలో ఉండి నిర్వహించారు. వారి అవగాహన గణనీయంగా మెరుగుపడినది. ఈ పద్ధతిని పరస్పర బోధన అంటారు. నలుగురేసి విద్యార్థుల జట్లలో దీనిని సులభంగా అమలుచేయవచ్చును.

నేపథ్య జ్ఞానం పాత్రను 1988లో రెక్ట్, లెస్లీ పరిశోధన స్పష్టపరచింది. ఇందులో 7, 8 తరగతుల విద్యార్థులు 64 మంది బేస్‌బాల్ ఆటను గురించిన ఒక భాగాన్ని చదివారు. ఆట బాగా తెలిసి, పఠనంలో వెనుకబడినవారు, ఆట తెలియక పఠనంలో ముందున్నవారి కంటె ఆ భాగాన్ని బాగా జ్ఞాపకం పెట్టుకొని చెప్పగలిగారు. గజేంద్ర మోక్షం కథను ఇంటిలో విన్న విద్యార్థికీ, ఎన్నడూ విననివానికీ పోతన పద్యం ఒకే విధంగా కఠినం కాదు. ముందుగా కథ చెప్పడం ఈ తేడాను కొంత తగ్గిస్తుంది.

గద్య పాఠాలు

పద్యానికి చెప్పిన పద్ధతి గద్యానికి కొన్ని మార్పులతో వర్తిస్తుంది. పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక (1853) వంటి గ్రాంథిక గద్యంలో అసమాపక క్రియలతో సాగే దీర్ఘ వాక్యాలు ముఖ్యమైన అవరోధం. అటువంటి వాక్యంలోని క్రియలన్నిటినీ వరుసగా వ్రాసి, ఒక్కొక్క దానికి కర్త ఎవరో ఎదురుగా వ్రాయించడం ఉపయోగకరం. ఆధునిక కథలలో పదాలు సులభంగా ఉన్నా, పాత్రల మనోభావాలను రచయిత నేరుగా చెప్పడు. అక్కడ "ఆమె కోపంగా ఉన్నదని ఏ వాక్యం వలన తెలిసినది?" వంటి ప్రశ్నలు అవసరమవుతాయి. కథ అంతటినీ ఈ విధంగా చదవనవసరం లేదు. మలుపు తిరిగే ఒకటి రెండు పేరాలను ఎన్నుకొని, తక్కినది వేగంగా చదివించవచ్చును.

సిద్ధ భావాలు, మూల్యాంకనం

తెలుగు రాష్ట్రాలలో పాఠ్యపుస్తకాలతో పాటు ప్రశ్నలకు జవాబులు, పద్యాలకు ప్రతిపదార్థాలు, భావాలు సిద్ధంగా ముద్రించిన గైడ్లు బజారులో లభిస్తాయి. వీటిని కంఠస్థం చేసిన విద్యార్థి పాఠంలోని పద్యానికి చక్కని జవాబు వ్రాయగలడు. అదే కవి వ్రాసిన పక్క పద్యాన్ని ఇస్తే చదువలేకపోవచ్చును. ప్రతిపదార్థం అనేది విద్యార్థి చేయవలసిన పనిగా ఉన్నంతకాలం పఠన సాధనం. వల్లించవలసిన జాబితాగా మారినప్పుడు ఆ ప్రయోజనం పోతుంది. గైడు చేతిలో ఉన్నా, అందులోని భావాన్ని పద్యంతో పోల్చి, ఏ పదానికి అర్థం విడిచిపెట్టబడినదో, ఏది అదనంగా చేర్చబడినదో వెదికించడం ద్వారా దానిని కూడా పాఠంగా మార్చవచ్చును.

అవగాహనను పరీక్షించుటకు పాఠంలో లేని పద్యాన్ని ఇవ్వడం సరియైన మార్గం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 నాటి రాష్ట్ర విద్యా ప్రణాళికా పరిధి పత్రం కూడా బట్టీ పట్టడాన్ని తగ్గించి, అవగాహనను, సొంత వ్యక్తీకరణను ప్రోత్సహించాలని సూచించినది. మార్కులు ఇచ్చునప్పుడు భాషా సౌందర్యం కంటె, జవాబుకు పద్యం నుండి ఆధారం చూపబడినదా అన్నది ముందుగా చూడాలి. పొరపాటైన అర్థానికి కూడా విద్యార్థి చూపిన కారణం తెలుసుకోవడం వలన తరువాతి పాఠంలో ఏమి చెప్పవలసి ఉన్నదో తెలుస్తుంది.

విమర్శలు, పరిమితులు

నిశిత పఠనం పాఠకుని అనుభవాన్ని ప్రక్కన పెడుతుందనే విమర్శ ఉన్నది. లూయీ రోజెన్‌బ్లాట్ 1938, 1978 సంవత్సరాలలో వెలువరించిన గ్రంథాలలో, సాహిత్యార్థం పాఠ్యానికీ పాఠకునికీ మధ్య జరిగే వ్యవహారంలో ఏర్పడుతుందని ప్రతిపాదించింది. సమాచారం కొరకు చదవడం వేరనీ, చదువుతున్నప్పటి అనుభవం కొరకు చదవడం వేరనీ ఆమె చూపింది. పద్యాన్ని ముక్కలు చేయడంతోనే పీరియడు ముగిసిపోతే విద్యార్థికి విసుగు మాత్రమే మిగులుతుంది. చివర మరల పద్యాన్ని పూర్తిగా చదివించడం అందుకే అవసరం.

ఈ పద్ధతికి సమయం ఎక్కువ పడుతుంది. పాఠాలన్నీ ఇట్లే చెప్పుట సాధ్యం కాదు కనుక ఏ పద్యాలను నిశితంగా, ఏ పద్యాలను సామాన్యంగా చదివించాలో ముందే నిర్ణయించుకోవాలి.

విద్యార్థుల ఇంటి భాష కూడా గమనింపదగినది. గోండి, కోయ, సవర వంటి భాషలు ఇంటిలో మాట్లాడే పిల్లలకు పాఠశాల తెలుగే రెండవ భాష. పద్య భాష దానికంటె ఒక మెట్టు దూరం. విదేశాలలోని వారాంతపు తెలుగు బడులలో చదివే పిల్లలు ఇంటిలో తెలుగు విన్నా, లిపి వద్దనే తడబడవచ్చును. అటువంటివారికి పద్యాన్ని ముందు విని, నోటితో చెప్పి, ఆ తరువాత అచ్చులో చూడడం మేలు. ప్రాంతీయ మాండలికాలు మాట్లాడే పిల్లల విషయం వేరు. ప్రామాణిక వ్యవహారంలో లుప్తమైన పాత పదాలు కొన్ని పల్లెల మాటలలో నిలిచి ఉంటాయి. అటువంటి పదం ఎదురైనప్పుడు, తరగతిలో వెనుకబడినట్లు కనిపించే విద్యార్థే తక్కినవారికి అర్థం చెప్పగలుగుతాడు. అందువలన నిఘంటువు తెరువకముందు ఆ పదం ఎవరి ఇంటిలోనైనా వినబడుతుందా అని తరగతిని అడగడం మంచిది.

ఇవి కూడా చూడండి

• అన్వయం
• ప్రతిపదార్థం
• మల్లినాథ సూరి
• తెలుగు సంధులు
• నీతిచంద్రిక